మూడు కోసుల దూరం

ఇటు రండి, ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. గడప దగ్గర కూర్చుంటే సగం మాట గాలికి పోతుంది, మిగిలిన సగంతో మీరేం చేసుకుంటారు? ఇది ఆసిఫాబాద్ సర్కారు బంగ్లా వెనక వంటకొట్టులో బతికిన గంగుబాయి కథ. ఇందులో కత్తులు తిరగవు, రాజులు రారు. ఒక దొర వచ్చి అన్నం తిని, ఒక మాట రాసి పోయాడు. ఆ మాట ఆమెను ఎంత దూరం నడిపించిందో అదే చెప్తాను.

తెలుగువాళ్లందరినీ కలిపి కొత్త రాష్ట్రం వచ్చిన రెండో ఏడు అది. కార్తీకం వెళ్లిపోతున్న రోజులు, పొద్దెక్కేదాకా మంచు కురిసేది. బంగ్లాలో ఖాన్సామా పేరు మొండయ్య. సర్కారు కాగితం మీద వంటవాడు అతనే. కోడికూర, గుడ్డు ఆమ్లెట్టు, దొరలు తాగే మిరియాల చారు అతని చేతి పనులు. నూరడం, కడగడం, పొయ్యి ఊదడం, అన్నం వార్చడం గంగుబాయి పని. ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు. వంటకొట్టు పక్కన చిన్న అర్ర ఇచ్చారు, అందులో ఉంటుంది. భర్త పేరు కైలాసం, అతను చనిపోయి తొమ్మిదేళ్లయింది, పిల్లలు లేరు. బంగ్లాలో ఎవరూ దిగని రోజు ఆమె గొంతు ఆమెకే వినిపించేది కాదు.

ఆ సోమవారం మొండయ్య ఊళ్లో లేడు. కొడుకు పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు ఉందని, సెలవు కాగితం పెట్టకుండానే కొండగట్టు పోయాడు. "గీ చలిల ఎవడొస్తడక్కా, మంగళారం పొద్దుగూకే వరకు వచ్చి వాల్త" అని చెప్పి పోయాడు. పోతూ పోతూ సామాన్ల కొట్టుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకే కట్టుకుపోయాడు. అది అతనికి అలవాటు, పాపం, మరిచి చేసిన పని కాదు.

పదకొండింటికి గేటు ముందు జీపు ఆగింది. కోయంబత్తూరు నుంచి వచ్చిన అడవుల ఆఫీసరట, టేకు చెట్ల చుట్టుకొలతలు తీసుకుంటూ తిరుగుతున్నాడట. జీపు డ్రైవరు అంత మటుకు చెప్పి, ఆయనను దించి, పెట్రోలు కోసం కాగజ్‌నగర్ పోయాడు. ఆయనకు తెలుగు రాదు, ఉర్దూ రాదు. కళ్లద్దాలు తుడుచుకుంటూ వరండాలో నిలబడి, చేతి వేళ్లు ముడిచి నోటి దగ్గర పెట్టి చూపించాడు. ఆకలి చెప్పడానికి భాష ఎందుకు?

గంగుబాయి సామాన్ల కొట్టు తాళం రెండుసార్లు గుంజి చూసింది. బియ్యం లోపల, గుడ్లు లోపల, నూనె డబ్బా లోపల. బయట ఉన్నదల్లా ఆమె సొంతానికి తెచ్చుకున్న జొన్నపిండి, పొద్దున్నే వండుకున్న పుంటికూర, అదే గోంగూర. దొరలకు జొన్నరొట్టె పెట్టడం ఆ బంగ్లాలో ఎవరూ ఎరుగరు. కూలివాళ్ల తిండి అది. పెట్టకుంటే ఆకలి, పెడితే అవమానం. ఆమె గడపలో నిలబడి వరండా వంక చూసింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. షర్టు చంకల కింద చెమట ఆరి ఉప్పు చారలు కట్టింది. ఆ చారలు చూశాక ఆమె ఇంక ఆలోచించలేదు.

మసిలే నీళ్లు పిండిలో పోసింది. చేయి కాలుతుంటే ఊదుకుంటూ అరచేతి మడమతో పిండిని పిసికింది. జొన్నపిండికి గోధుమ పిండిలాగా సాగే గుణం లేదు కదా, ఎంత పిసికితే అంతే కలుస్తుంది. ముద్ద చేసి పీట మీద పెట్టి, కుడిచేత్తో కొడుతూ ఎడమచేత్తో తిప్పుతూ, అంచు పగలకుండా వెడల్పు చేసింది. పెంక మీద వేసి పైన తడిగుడ్డతో తుడిచింది. తిప్పి నిప్పుల మీద నిలబెడితే రొట్టె బుగ్గలా పొంగింది. పుంటికూరలో నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు దంచి వేసి మళ్లీ వేడిచేసింది. పన్నెండు మంది కూర్చునే బల్ల, ఒక్క మనిషి. ఒక పళ్లెం తీసుకుపోయి ఆయన ముందు పెట్టి, తలుపు తెర వెనక్కి వచ్చేసింది.

ఆయన రొట్టెను కాసేపు చూశాడు. కత్తి, ముళ్లచెంచా పక్కకు పెట్టి రెండు చేతులతో విరిచాడు. పుంటికూర పులుపుకు ఒక కన్ను చిన్నదైంది. తర్వాత తల ఎత్తలేదు. రెండో రొట్టె పెట్టింది, మూడోది పెట్టింది. తనకని చేసుకున్న నాలుగోది కూడా పెట్టింది. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ మౌనం ఆమెకు కొత్త కాదు. అత్తగారింట్లో తింటున్నవాళ్లు అన్నాన్ని మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని నమ్మేవాళ్లు. ఉప్పు తక్కువైతే పళ్లెం జరిపేవాళ్లు, లేకపోతే తిని లేచేవాళ్లు. ముప్పై ఏళ్లుగా ఆమె చేతి వంటకు దక్కిన మంచి మాట అంటే, ఎవరూ ఏమీ అనకపోవడమే.

తిన్నాక ఆయన, దిగినవాళ్లు అభిప్రాయం రాసే రిజిస్టరు సైగతో అడిగి తీసుకుని, జేబులోంచి పెన్ను తీశాడు. రాస్తూ ఆగి, తెర వంక చూసి, మళ్లీ రాశాడు. జీపు వచ్చింది. చేతులు జోడించి వెళ్లిపోయాడు. గంగుబాయి ఆ రాత రెండు వేళ్లతో తాకి చూసింది. సిరా ఇంకా తడిగానే ఉంది. వేలికి అంటింది.

మంగళవారం పొద్దు వాలేసరికి మొండయ్య నున్నటి గుండుతో వచ్చి దిగాడు. దొర వచ్చి తిని పోయిన సంగతి విని, అరుగు మీద కూలబడ్డాడు.

"దొరకు జొన్నరొట్టె పెట్టినవా? నీకేమన్న బుద్ధున్నదా అక్కా!"

"తాళంచెవి నీ మొలకు కట్టుకపోతివి. నన్నేం పెట్టుమంటవ్ తమ్మీ, పీటలు కోసి పెట్టాల్నా?"

"ఆమ్లెట్ల ఈక వచ్చిందని ఒక్క లైను రాస్తే నాకంటె ముందు ఖాన్సామా కొలువు పోయింది. ఎరికేనా?" రిజిస్టరు తెరిచి పేజీ మీద వేలు పెట్టాడు. అతనికి ఉర్దూ అక్షరాలు కొన్ని తెలుసు, ఇంగ్లీషు నల్లచీమల బారే. "సూడు, రెండు లైన్లు రాసిండు. బాగుంటె గింత పొడుగు రాస్తడా? తిట్టుడే పొడుగుంటది."

"తిట్టెటోడు చేతులు జోడిస్తడా?"

"సదువుకున్నోళ్లు చేతులు జోడిచ్చే తిడ్తరు." గుండు తడుముకున్నాడు. "శుక్రారం ఓవర్సీరు తనిఖీకి వస్తుండు. మొదలు గిదే సదువుతడు. నేను ఊర్ల లేనని తెలిస్తె నా కొలువు గాయబ్. అక్కా, కోపం జెయ్యకు. మొండయ్యకు తెల్వకుంట నేనే పెట్టిన అను. నీకేమున్నది, కాయితం మీద లేవు. యాడికన్న పోతవు. నాకు నలుగురు పిల్లలు."

గంగుబాయి పొయ్యిలో బూడిద ఎత్తి తట్టలో పోసింది. యాడికన్న పోతవు అన్నాడు కదా, ఆ యాడికన్న ఎక్కడుందో ఆమె ఎంత వెతికినా తెలియలేదు. తమ్ముడు లేడు, బిడ్డ లేదు. ఉన్నది ఆ అర్ర ఒక్కటే. అందులో ఒక మంచం, ఒక పీట, ఒక పెంక.

బుధవారం ఆమె రిజిస్టరును కొంగులో చుట్టుకుని బయలుదేరింది. బంగ్లా వస్తువు బయటికి తీసుకుపోవడం తప్పని తెలుసు. తెలిసే పోయింది. వెళ్లగొడితే వెళ్లగొట్టనీ, ఏ మాటకు వెళ్లగొడుతున్నారో అదైనా తెలియాలి కదా. తాసీలు కచేరి ముందు అర్జీలు రాసే మున్షీ కళ్లద్దాలు ఎత్తి చూసి, "గిది మా సదువు కాదమ్మా, కొత్త సదువు. బడిల మంథని సారున్నడు, గాయినకు వస్తది" అన్నాడు. ఉర్దూ బడి తెలుగు బడి అయ్యాక ఇంగ్లీషు చెప్పడానికి మంథని నుంచి వచ్చిన లింగమూర్తి అనే మాస్టరు అతను. పెళ్లి కాలేదు. బడి వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు.

బడి వదిలారు. లింగమూర్తి వరండాలో కాపీ పుస్తకాలు దిద్దుతున్నాడు. పక్కనే గిన్నెలో మాడిన అన్నం నీళ్లు పోసి నానబెట్టి ఉంది. గంగుబాయి కళ్లు ముందు ఆ గిన్నె మీదికే పోయాయి. తర్వాత కొంగు విప్పింది.

"సారూ, గిండ్ల ఏం తిట్టిండో జర సదివి చెప్తవా? సల్లగ చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

లింగమూర్తి చదివాడు. అతని ముఖంలో నవ్వు మొదలైంది.

"తిట్టలేదవ్వా. ఈ జొన్నరొట్టె, పుల్లకూర డెలిషస్‌గా ఉన్నాయని రాసిండు. వండినవాళ్లకు దండాలు చెప్పిండు."

"ఏమున్నయని?"

"డెలిషస్. అంటే బాగ రుచిగ ఉన్నయని. కమ్మగున్నయని."

ఆమె నమ్మలేదు. "నా మొకం సూసి చెప్తున్నవు సారూ. నోటితోటి ఎవడన్న కమ్మగున్నదంటడా? అందుట్ల పుస్తకంల రాస్తడా?"

"నేను చెప్తే నమ్మవా? ఇంకో పుస్తకం చెప్తే నమ్ముతవా?" లింగమూర్తి నవ్వుతూ లోపలికి పోయి, అట్ట ఊడి దారంతో కట్టిన లావుపాటి నిఘంటువు తెచ్చాడు. తన మాస్టరు తనకిచ్చి పోయిన పుస్తకమని చెప్పాడు. పేజీలు తిప్పి, వేలు ఆపి, సన్నటి అక్షరాలను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇగో. నాలుకకు చాన హితమైనది. అయిందా? ఇంక దాని పుట్టుక కూడ రాసిండ్రు. ఇంగ్లీషోళ్లది కాదు ఈ మాట. లాటిన్ అని పాత భాషొకటి ఉండె, అండ్లకెళ్లి వచ్చింది. దె అంటె దూరంగ. లాకెరె అంటె ఆశ చూపి గుంజుడు. మనిషిని పొయ్యే తొవ్వ నుంచి తప్పిచ్చి తన దిక్కు గుంజుకునేదన్నట్టు. ఉచ్చు అనే మాటకు కూడ ఇది చుట్టమట."

"ఉచ్చా? కౌజుపిట్టలకు ఏస్తరు, గా ఉచ్చా?"

"గదే."

గంగుబాయి ముఖం మళ్లీ వాడింది. "అయితే తిట్టినట్టే గద సారూ. పిట్టను వట్టినట్టు వట్టిన్నని."

"కాదవ్వా, కాదు!" లింగమూర్తి గట్టిగా నవ్వాడు. "ఎన్నడో రెండు వేల ఏండ్ల కింద గట్ల పుట్టింది. గుంజేది అన్న కాడ మొదలైంది. దేనికి మనసు గుంజుకపోతదో అది సంతోషం అన్నరు. సంతోషమిచ్చేది ఏందంటె కమ్మటి తిండి అన్నరు. గట్ల నడుచుకుంట నడుచుకుంట వచ్చి నీ రొట్టె కాడ ఆగింది."

ఆమె నవ్వలేదు. వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. లింగమూర్తి ఎర్రసిరాలో పెన్ను ముంచి రెండు కాపీలు దిద్దాడు. మూడోది తీయబోతుండగా ఆమె అడిగింది.

"ఎంత దూరం గుంజుతది సారూ?"

"ఏంది?"

"గా మాట. మనిషిని ఎంత దూరంకెళ్లి గుంజుతది? మూడు కోసులు గుంజుతదా?"

లింగమూర్తి పుస్తకం వంక చూశాడు. అందులో అది లేదు.

"మా ఆయన అడివిల టేకు చెట్లు నరికే కూపుల పనిచేస్తుండె," అంది గంగుబాయి, అతనితో కాదు, వరండా గచ్చుతో అంటున్నట్టు. "మూడు కోసుల దూరం. కడమోళ్లందరు గాన్నే గుడిసెలేసుకొని, అంగడి నాడే ఇంటికొద్దురు. గీయనొక్కడే దినాం వస్తుండె. పొద్దంత గొడ్డలేసి, సందెకు నడిసొచ్చి, తిని, తెల్లారంగ మళ్ల నడిసిపోతుండె. గుడిసెలల్ల దోమలు కుడ్తయి, అందుకే వస్తున్న అంటుండె. ఎట్లున్నది అని ఒక్కనాడు అడిగిన. తింటున్న గద అన్నడు. ఇగ ఎన్నడు అడుగలే."

ఆ మాట అని లేచి, రిజిస్టరు కొంగులో చుట్టుకుంది. పోతూ నానబెట్టిన అన్నం గిన్నె వంక చూసి, "నీళ్లు ఎక్కువ, మంట ఎక్కువ సారూ. ఉడుకు పట్టంగనే మంట గుంజెయ్యాలె" అని చెప్పి మెట్లు దిగింది.

బంగ్లాకు వచ్చి మొండయ్యకు ఉన్నదున్నట్టు చెప్పింది. దాచుకోవడం ఆమెకు చేతకాదు. మొండయ్య గట్టిగా ఊపిరి వదిలి, గుండు మీద చేయి వేసుకుని, "అంజన్నా, కాపాడినవ్" అన్నాడు. ఆ రాత్రి ఆమెకు ఇంట్లోంచి బెల్లం ముక్క తెచ్చి పెట్టాడు. గురువారం పొద్దున లేచేసరికి అతని లెక్క మారిపోయింది.

"అక్కా, జర ఇను. నేను ఊర్ల లేనని ఎవలకు తెల్వది. మంచిగ రాసిండు గదా, ఇంక నువ్వెందుకు చెప్పుకునుడు? నేనే చేసిన అంట. నీ అర్రకు ఏం ఫికర్ లేదు, నేనున్న. ఒక మాటకు మనకేమొస్తది?"

గంగుబాయి పప్పు చేటలో చెరుగుతోంది. రాళ్లు ఒకవైపు, పొట్టు ఒకవైపు. "నువ్వు తిట్టనుకున్ననాడు నాదన్నవ్" అంది మెల్లగా. అంతే. మొండయ్య తల వంచుకుని నీళ్లు తోడడానికి పోయాడు. అతను చెడ్డవాడు కాదు, మీరు అట్లా అనుకోవద్దు. పిల్లలున్నవాడి భయం అది. అయినా అన్యాయం అన్యాయమే.

శుక్రవారం పదింటికి ఓవర్సీరు వచ్చాడు. ఖాకీ నిక్కరు, చేతిలో చిన్న కర్ర. పెంకులు చూశాడు, బావి గిలక చూశాడు, పరుపులు దులిపించాడు. మధ్యాహ్నానికల్లా కాగజ్‌నగర్‌లో ఉండాలని, పావుగంటలో పోవాలని ముందే చెప్పాడు. జీపు ఇంజను ఆపనీయలేదు కూడా. చివరకు రిజిస్టరు తీసి నిలబడే చదివాడు.

"అరే! కోయంబత్తూరు దొర. ఈయన దేన్నీ మెచ్చుకోడని విన్న. ఎవరయ్యా రొట్టెలు చేసింది?"

"నేనే సార్" అన్నాడు మొండయ్య.

తెర వెనక గంగుబాయి కాలి బొటనవేలితో గచ్చు గీరింది.

"నువ్వా?" ఓవర్సీరు అతన్ని పై నుంచి కింది దాకా చూశాడు. "సరే, రెండు రొట్టెలు కాల్చుక రా. తిని పోత. జల్దీ."

మొండయ్య వంటకొట్టులోకి వచ్చాడు. ఆమ్లెట్టు వేసే చేతులు అవి. జొన్నరొట్టె కొట్టడం ఆడవాళ్ల పనని ఎన్నడూ ముట్టలేదు. పిండిలో చల్లనీళ్లు పోశాడు. ముద్ద పీట మీద పెట్టి కొట్టేసరికి అంచులన్నీ ఎండకు పగిలిన చెరువు మన్నులా విచ్చుకున్నాయి. ఎత్తబోతే మధ్యకు విరిగింది. రెండోది పెంక దాకా పోయి మూడు ముక్కలైంది. అతను ఆమె వంక చూడలేదు. గుండు మీద చెమట బొట్లు వరసగా నిలిచాయి.

గంగుబాయి అది చాలాసేపు చూసింది. ఊరికే నిలబడితే చాలు, నిజం దానంతటదే బయటపడుతుంది. ఆమె చేయవలసిందేమీ లేదు. కానీ అతని చేతుల కింద పిండి పాడవుతుంటే చూడలేకపోయింది.

"జరుగు" అంది. "మసిలే నీళ్లు పొయ్యాలె తమ్మీ. సల్లనీళ్లకు అది కలువది."

ఆమె రొట్టె కొట్టే చప్పుడు హాల్లోకి వినబడింది. తాళం తప్పని ఆ చప్పుడు విని ఓవర్సీరు లేచి, వంటకొట్టు తలుపు దాకా వచ్చాడు. పీట ముందు గంగుబాయి, గోడ పక్కన పిండి చేతులతో మొండయ్య.

"ఏమయ్యా, నేనే అంటివి?"

మొండయ్య పిండి చేతులు తుడుచుకుంటూ ఎట్లాగో అన్నాడు. "సర్కారు కాయితం మీద వంటోడు అంటె నా పేరే ఉన్నది గద సార్. ఆమె పేరు ఏడ లేదు."

ఓవర్సీరు గంగుబాయి వైపు తిరిగాడు. "మొన్న కూడ నువ్వే చేసినవా? ఈయన ఎక్కడున్నడు అప్పుడు?"

ఆమె చేయి ఆగలేదు. రొట్టె పీట మీద తిరుగుతూనే ఉంది. నిజం అంతా చెప్తే ఒక కొలువు పోతుంది. అసలు చెప్పకుంటే తన మాట పోతుంది. రొట్టెను పెంక మీద వేసి, తడిగుడ్డతో తుడిచి, అప్పుడు తల ఎత్తింది.

"నేనే చేసిన సారూ. మొన్నటియి నేనే చేసిన." కాస్త ఆగింది. "కోళ్లు దొర్కలే. రొట్టె చెయ్యక్కా అని మొండయ్యనే చెప్పిండు."

ఓవర్సీరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. పోయి బల్ల ముందు కూర్చున్నాడు. ఆమె తానే పళ్లెం తీసుకుపోయి పెట్టింది. ఈసారి తెర వెనక్కి పోలేదు, తలుపు పక్కనే నిలబడింది. బయట జీపు హారన్ మోగింది. అతను తల ఎత్తలేదు. రెండో రొట్టె విరుస్తుండగా ఇంకోసారి మోగింది. "ఆపమను వాన్ని, ఇంజన్ ఆపమను" అని నిండు నోటితోనే అన్నాడు. మూడోదానికి చేయి చాపాడు. కూర ఎట్లుందని అనలేదు. గంగుబాయి కూడా ఎదురుచూడలేదు.

పోయేముందు రిజిస్టరులో, ఆ రాత కిందనే, తానూ ఇంగ్లీషులో ఏదో రాసి పోయాడు.

జీపు మలుపు తిరగగానే మొండయ్య పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, నీ గురించే రాసిండు, నిన్ను సూసుకుంట రాసిండు! నీ పేరు కాయితం మీదికి ఎక్కిచ్చుమని రాసిండో ఏమో. మంథని సారు కాడికి ఉర్కుదాం పా."

"నువ్వు పోయి సదివిచ్చుకో తమ్మీ" అంది గంగుబాయి, పెంక కింద నిప్పులు ఆర్పుతూ. "నాకు రేపు వేరే పనున్నది."

శనివారం మంచు విడవకముందే ఆమె బయలుదేరింది. సద్ది కట్టుకోలేదు. పాత కూపుకు పోయే బండిదారి పట్టింది, మూడు కోసులంటే ఆరు మైళ్ల పైమాటే. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ దారి మొదలు మాత్రమే చూసింది, చివర ఎన్నడూ చూడలేదు. రెండు వాగులు దాటింది. ఒక వాగులో నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. తర్వాత రాళ్ల ఎక్కుడు. అక్కడ మూడుసార్లు కూర్చుంది. పొద్దు నడినెత్తి దాటాక కూపు చేరింది. గొడ్డళ్ల చప్పుడు ఎన్నడో ఆగిపోయింది. నరికిన మొద్దుల నుంచి కొత్త టేకు చెట్లు ఇంటెత్తు లేచి, వెడల్పాటి ఆకులు రాల్చుకుంటూ నిలబడ్డాయి. గుడిసెల ఆనవాలుగా పొయ్యిరాళ్లు అక్కడక్కడ మిగిలాయి. వాటిలో కైలాసం పొయ్యి ఒకటీ ఉండదని ఆమెకు తెలుసు. అయినా ఒక్కొక్కటీ చూసింది. దోమలు లేవు. చలికాలం కదా. చలికాలంలో కూడా అతను రోజూ నడిచొచ్చిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

తిరుగుదారిలో ఆకలి మొదలైంది. మొదటి వాగు దగ్గర కడుపులో చిన్నగా గిల్లింది. రెండో వాగు దగ్గర ఆకలే ఆమెకంటే ముందు నడుస్తోంది, ఆమె దాని వెనక నడుస్తోంది. పాదాల్లో ముళ్లు తీసుకోవడానికి కూడా ఆగబుద్ధి కాలేదు. దీపాలు పెట్టే వేళకు అర్ర తలుపు తీసింది. పొద్దున చేసి పెట్టుకున్న రొట్టెలు చల్లారి బిగిసి ఉన్నాయి, పుంటికూర గడ్డకట్టినట్టుంది. కాళ్లు కడుక్కోలేదు. గడపలోనే కూర్చుని రొట్టె విరిచింది.

ముప్పై ఏళ్లుగా వండిన చెయ్యి అది. ఆ వంటను ఆ ఆకలితో ఆమె ఎన్నడూ తినలేదు. ఒకటి తిన్నది, రెండు తిన్నది. గేటు అవతల మొండయ్య చేతులూపుతూ పుస్తకంలోని సంగతి ఏదో అరుస్తున్నాడు. ఆమెకు వినబడుతూనే ఉంది. పలకడానికి తల ఎత్తలేదు. మూడోదానికి చేయి చాపింది. కన్నీళ్లు కారుతుంటే ఎడమచేత్తో తుడుచుకుంది గానీ, కుడిచేయి ఆపలేదు.

ఇదీ గంగుబాయి కథ. ఆ ఇంగ్లీషు మాట మీరు బడిలో నేర్చుకునే ఉంటారు, దానికి అర్థం కూడా రాసి ఉంటారు. రేపు మీ పిల్లలు దాని అర్థమేమిటని అడిగితే, ముందు వాళ్లను ఆకలయ్యేదాకా నడిపించండి. నడుస్తూ నడుస్తూ ఈమె సంగతి చెప్పండి. ఆమె పేరు చెప్పడం మాత్రం మరవకండి. గంగుబాయి.